కాగితం ముందా? ప్రయోగం ముందా?

ప్రతి యేటా మన సావనీర్‌లో విజ్ఞానశాస్త్రం మీద ఒక వ్యాసమైనా వుంటుంది. సైన్సు సాధించిన విజయాలు, సైన్సు - సమాజం, సైన్సు - మూఢనమ్మకాలు, ఇలాగ. అవన్నీ రావలసినవే. కాని సైన్సు ప్రాజెక్టుకు ఫారాలు నింపడం గురించి యెవరైనా రాయగా నేను చూడలేదు. అంత చప్పని విషయం మీద రాయడానికి యెవరికి సరదా? చదవడానికి మాత్రం యెవరికి ఓపిక? అయినా ఆ చప్పని విషయం మీదే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదవమని మనవి.

నేను యెమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మూడేళ్లుగా మా స్నేహితులం కొందరం సెలవు రోజుల్లో చుట్టుపక్కల హైస్కూళ్లకు వెళ్లి, సైన్స్ ఫెయిర్‌కు ప్రాజెక్టులు చేసే పిల్లలకు చేతనైన సాయం చేస్తున్నాం. ఈ పనిలో నేను యెక్కువగా చూసింది మైక్రోస్కోపులూ కాదు, పరీక్షనాళికలూ కాదు. కాగితాలు. పాల్గొనే పత్రం, సారాంశం, పరిశోధనా ప్రణాళిక, గైడు టీచరు ధ్రువీకరణ, తల్లిదండ్రుల అనుమతి, లాగ్‌బుక్కు. వీటి మాట యెత్తగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. "సైన్సు చెయ్యమని పిలిచి గుమాస్తా పని చేయిస్తారేం సార్?" అని ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు నన్ను నిలదీశాడు. ప్రశ్న సబబైనదే. దానికి జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా వున్న పరిస్థితి చూద్దాం. ఫెయిర్ సోమవారం అనుకోండి. శుక్రవారం దాకా కాగితాల సంగతి యెవరికీ పట్టదు. శనివారం మధ్యాహ్నం సైన్సు సారు స్టాఫ్ రూములో కూర్చుని, జెరాక్సు తీసిన ఫారాలు ముందేసుకుని, అన్నీ తనే నింపేస్తారు. పిల్లలు వరసగా నిలబడి చూపించిన చోటల్లా సంతకాలు పెడతారు. తండ్రి సంతకం కావలసిన చోట, ఇల్లు దూరమైతే, పక్కనున్న స్నేహితుడు పెట్టేస్తాడు. తేదీలు మూడు నెలల వెనక్కి వేస్తారు. ఆ రాత్రి లాగ్‌బుక్కు పుడుతుంది. రోజూ రాసినట్టు కనిపించాలని నీలం పెన్నుతో కొన్ని పేజీలు, నల్లపెన్నుతో కొన్ని పేజీలు. ఒక బడిలో లాగ్‌బుక్కుకు పాతదనం రావాలని పేజీల అంచుల మీద టీ మరకలు వేయడం నా కళ్లతో చూశాను. ఆ పిల్లల ప్రాజెక్టు నిజంగానే బాగుంది. వాళ్లు చేసిన పని అబద్ధం కాదు. కాని ఆ పని గురించిన కాగితం మొత్తం అబద్ధం. యెంత విచిత్రం!

ఇందులో ఆ సారును తిట్టి లాభం లేదు. ఆయనకు ఆరు సెక్షన్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యెన్నికల డ్యూటీ. కాగితమంటే పై ఆఫీసు వాళ్ల నోరు మూయించడానికి నింపేది అని ఆయన ఉద్యోగం ఆయనకు నేర్పింది. అదే పాఠం ఆయన పిల్లలకు తెలియకుండానే నేర్పుతున్నాడు. నా బెంగంతా అక్కడే.

అసలు ఈ ఫారాలు యేమడుగుతాయి? హైస్కూలు పిల్లల సైన్స్ ఫెయిర్లలో పేరున్నది అమెరికాలో యేటా జరిగే అంతర్జాతీయ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ ఫెయిర్. 1950లో ఫిలడెల్ఫియాలో జాతీయ స్థాయిలో మొదలై, 1958లో ఇతర దేశాల పిల్లలు కూడా రావడంతో అంతర్జాతీయమైంది. మన దేశం పిల్లలు కూడా అక్కడికి వెళ్లి బహుమతులు తెచ్చారు. ఆ ఫెయిర్‌కు వెళ్లాలంటే నింపవలసిన ఫారాల కట్ట చూస్తే గుండె జారుతుంది. ఒకటి, 1-ఎ, 1-బి, 1-సి, రెండు, మూడు, నాలుగు, 5-ఎ, 5-బి, 6-ఎ, 6-బి, యేడు. చూసిన మొదటిసారి నాకు తహసీల్దారు ఆఫీసు గుర్తొచ్చింది. కాని నిదానంగా చదివితే ఒక్కొక్క ఫారం వెనకా ఒక్కొక్క మామూలు ప్రశ్న వుంది. వీటిని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా వుంటుంది.

ఒకటో ఫారం: నీ ప్రాజెక్టు బాధ్యత తీసుకున్న పెద్దమనిషి యెవరు? 1-ఎ: నువ్వు యేం చెయ్యబోతున్నావు, యెక్కడ, యెప్పుడు? 1-బి: నీకూ మీ అమ్మానాన్నలకూ ఇందులో వున్న ప్రమాదం తెలుసా? 1-సి: బయటి ప్రయోగశాలలో చేస్తే, నీ చేత్తో చేసిందెంత, వాళ్లు చేసిపెట్టిందెంత? రెండు: ప్రమాదకరమైన పని అయితే నీ వెనక తెలిసిన శాస్త్రవేత్త వున్నాడా? మూడు: ఆమ్లం, కరెంటు, నిప్పు లాంటివి వాడుతుంటే యేం జాగ్రత్త తీసుకున్నావు? నాలుగు: మనుషుల మీద చేస్తున్నావా? వాళ్లను అడిగావా? అయిదు: వెన్నెముక గల జంతువులా? వాటికి బాధ కలగదా? ఆరు: సూక్ష్మజీవులా, రక్తమా, కణజాలమా? యేడు: పోయిన యేటి ప్రాజెక్టునే మళ్లీ తెస్తున్నావా? అయితే ఈ యేడు కొత్తగా చేసిందేమిటి?

చివరి ప్రశ్న మన పీహెచ్‌డీ వాళ్లను కూడా అడిగితే బాగుండునని నా స్నేహితుడొకడు అన్నాడు. అది వేరే సంగతి.

పైగా ఈ ఫారాలన్నీ అందరూ నింపనక్కర్లేదు. వానపాముల ఎరువు మీద ప్రాజెక్టు అయితే అయిదో ఫారం అక్కర్లేదు, వానపాముకు వెన్నెముక లేదు గనక. పెరుగు తోడుకోవడం గురించి చేస్తే ముందస్తు పరిశీలన అక్కర్లేదు. పెరుగులోని లాక్టోబాసిల్లస్‌కూ, రొట్టెల యీస్టుకూ ఆ నిబంధనల్లో మినహాయింపు వుంది. కాని హాస్టల్ బాత్రూము బకెట్ అంచున దూదిపుల్లతో తుడిచి, ఆ సూక్ష్మజీవుల్ని ఇంట్లో పెంచుతానంటే ఒప్పుకోరు. నమూనా ఇంట్లో తీసుకోవచ్చు, పెంచడం మాత్రం తగిన ప్రయోగశాలలోనే చెయ్యాలి. యెందుకు? బకెట్ అంచున వున్నదేమిటో మనకు తెలియదు. ఒక్కటిగా వున్నప్పుడు యేమీ చెయ్యనిది, ఇంక్యుబేటరులో రెండు రోజులు పెంచాక కోట్లలో వుంటుంది. వంటగది అలమారలో, ఉప్పు డబ్బా పక్కన పెట్టవలసిన వస్తువు కాదది. ఈ తేడా పాఠ్యపుస్తకంలో పదిసార్లు చదివినా పిల్లవాడికి పట్టుబడదు. తన ప్రాజెక్టుకు యే ఫారం కావాలో తనే తేల్చుకోవలసి వస్తే మాత్రం ఒక్క గంటలో పట్టుబడుతుంది. అంచేత ఫారం నింపడం సైన్సుకు అడ్డమని నేననుకోను. సరిగ్గా నింపితే అదే సైన్సులో మొదటి పాఠం.

అయితే "సరిగ్గా" అన్నమాటలో ముఖ్యమైనది తేదీ. ఈ సంతకాల్లో ముఖ్యమైనవన్నీ ప్రయోగం మొదలుపెట్టక ముందే పడాలి. కారణాలు రెండు. మొదటిది శాస్త్రానికి సంబంధించింది. యేం వస్తుందనుకుంటున్నావో ఫలితం చూడకముందే రాసిపెట్టాలి. చూశాక రాస్తే ప్రతివాడూ జ్యోతిష్కుడే! రెండోది మనుషులకు సంబంధించింది. అనుమతి అనేది ముందు అడిగితేనే అనుమతి. పని అయిపోయాక అడిగేది అనుమతి కాదు, రసీదు.

ఈ రెండో కారణం పిల్లలాట అనుకునేవారికి రెండు సంగతులు గుర్తుచేస్తాను. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కెగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా, 40 యేళ్లపాటు, ప్రభుత్వ ఆరోగ్య శాఖ వాళ్లు వందలాది నల్లజాతి పేదల్లో సిఫిలిస్ వ్యాధి యెలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్లకు ఇవ్వలేదు. తమ జబ్బేమిటో వాళ్లకు సరిగా చెప్పనుకూడా లేదు. సంగతి బయటపడ్డాక 1974లో అక్కడ చట్టం వచ్చింది. మనుషుల మీద పరిశోధనలను ముందుగా ఒక కమిటీ పరిశీలించి తీరాలన్నారు. ఇవాళ పిల్లల ఫెయిర్‌లో నాలుగో ఫారం అడిగే ప్రశ్న ఆ తోవలోదే. అది గుమాస్తాలు తోచక సృష్టించింది కాదు.

రెండో సంగతి మన ఇంటిదే. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 యేళ్ల లోపు బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకుంటున్నవారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఇవాళ అనేక దేశాల్లో వాడుతున్నారు. నేను మాట్లాడేది టీకా గురించి కాదు, కాగితం గురించి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ అంగీకార పత్రాల లెక్క వుంది. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. మరో 1,948 పత్రాల మీద వున్నవి వేలిముద్రలు.

కాగితాలు అన్నీ వున్నాయి చూడండి! లోటేమీ లేదు. వుండవలసిన సంతకం చోట యేదో ఒక సంతకం వుంది. ఫైలు పూర్తయింది. అమ్మానాన్నలను మాత్రం యెవరూ అడగలేదు. ఇప్పుడు చెప్పండి, శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో స్నేహితుడి తండ్రి సంతకం పెట్టిన కుర్రాడికీ, 2,763 పత్రాల మీద సంతకాలు చేసిన ఆ పెద్దలకూ తేడా వయసులోనా, నేర్చుకున్న పాఠంలోనా? పాఠం ఒక్కటే. పేదవాడి తరఫున యెవరైనా సంతకం పెట్టవచ్చునన్నదే ఆ పాఠం. ఆ పాఠం తొమ్మిదో తరగతిలోనే మొదలవుతోందని నా అభియోగం.

దీనికి భిన్నంగా జరిగింది కూడా ఒకటి చూశాను. నల్లగొండ ప్రాంతంలో ఒక హైస్కూలు. ముగ్గురు పిల్లలు ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేస్తామన్నారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రకటించింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చునని మన ప్రమాణాలు చెబుతున్నాయి. పిల్లల ఆలోచన యేమిటంటే, పాత బోర్ల నీళ్లు పరీక్షించడం, ఊళ్లో గారపళ్లు వున్నవాళ్లనూ కీళ్లు పట్టేసినవాళ్లనూ లెక్కపెట్టడం, వాళ్ల పేర్లతో సహా ఫోటోలు తీసి చార్టు మీద అతికించడం.

నాలుగో ఫారంలోని ప్రశ్నలు తెలుగులో రాసి వాళ్ల ముందు పెట్టాము. ఇందులో పాల్గొనేవారికి కలగగల నష్టమేమిటి? మొదట యేమీ లేదన్నారు. కాసేపు ఆలోచించి ఆ ముగ్గురిలో వున్న ఆడపిల్ల, "మా అక్క పండ్లు గట్లనే వుంటయి సార్. ఫోటో తీసి జిల్లాల పెడితె రేపు సంబంధాలొస్తయా?" అంది. అంతే. ఫోటోలు పోయాయి, పేర్లు పోయాయి. ఇంటికొక నంబరు వచ్చింది. అంగీకార పత్రం పిల్లలే తెలుగులో రాసుకున్నారు. చదువు రానివాళ్లకు యెదురుగా కూర్చుని చదివి వినిపించాలనుకున్నారు. అలా వినిపిస్తుంటే ఒక ముసలమ్మ అడిగింది: "ఇదంత రాస్కపోతె నా మోకాళ్లు సక్కగైతయా బిడ్డా?" పిల్లవాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. "కావవ్వా. మేం బడిల చూపియ్యనీకె రాస్కుంటున్నం" అన్నాడు వాడే. ఆమె కొంచెంసేపు వూరుకుని, "నిజం జెప్పినవ్, రాస్కో" అంది. మరో ఇంట్లో ఒకాయన అక్కర్లేదు పొమ్మన్నాడు. వచ్చేశారు. ఆ ఇల్లు లెక్కలోకి రాలేదు. మర్నాడు పిల్లలు తమ పత్రంలో ఒక వాక్యం కొత్తగా చేర్చారు: "దీనివల్ల మీ జబ్బు నయం కాదు." ఆ ప్రాజెక్టుకు జిల్లాలో బహుమతి రాలేదు. చార్టు మీద బొమ్మలు తక్కువైనాయట!

ఇక యెదుటి పక్షం మాట కూడా చెప్పాలి. కాగితాలను ఇంతగా సమర్థించినవాణ్ణి, వాటి పాపాలను దాచలేను. చాలా ఫారాలు ఇంగ్లీషులో వస్తాయి. తెలుగు మీడియం పిల్లవాడికి అందులో మొదటి గండం తన పేరే. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారం మాత్రం మొదటి పేరు, చివరి పేరు అంటుంది. స్కూలు రిజిస్టరులో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో మరో తీరు. ఇన్‌స్పైర్ - మానక్ పథకం కింద యెంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. మంచి పథకం. కాని పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే వాడి తండ్రి కూలి మానుకుని బ్యాంకు చుట్టూ తిరగాలి. పట్నం కార్పొరేట్ బడిలో ఈ పనికి ఒక ప్రత్యేక మనిషి వుంటాడు. పల్లెటూరి బడిలో ఇంటర్నెట్ సెంటరు దాకా నడిచే పిల్లవాడుంటాడు. ఆ విధంగా చూస్తే కాగితం ఒక కంచె. లోపలున్నవాణ్ణి కాపాడే పేరుతో బయటివాణ్ణి బయటే వుంచేస్తుంది.

కనక కాగితాలన్నీ మంచివని నేననను. వాటిని రెండుగా విడదీయమంటాను. ఒక్కటే గీటురాయి: ఈ కాగితం యెవరిని కాపాడుతోంది? ప్రయోగంలో పాల్గొనే మనిషిని, జంతువును, ప్రయోగం చేసే పిల్లవాణ్ణి కాపాడేదైతే వుండి తీరాలి, నిజాయితీగా నింపి తీరాలి. ఆఫీసును మాత్రమే కాపాడేదైతే తగ్గించాలి, లేదా ఆఫీసే నింపుకోవాలి. ఇప్పుడు మనం చేస్తున్నది తలకిందులు. పేరులో అక్షరం తప్పితే ప్రాజెక్టును వెనక్కి పంపుతాం. తండ్రి సంతకం దొంగదైతే కన్నెత్తి చూడం.

ఈ విషయంలో మన యూనివర్సిటీ కాలేజీ చేయగలిగిన పనులు కొన్ని వున్నాయి. పెద్ద ఖర్చు లేనివే.

మొదటిది, తెలుగులో ఒక్క పేజీ ఫారం. యేం చేస్తావు, యేం వస్తుందనుకుంటున్నావు, యెవరికి యేం ప్రమాదం, యెవరిని అడిగావు, యే తేదీన. అయిదు ప్రశ్నలు చాలు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు, పిల్లలు తమ భాషలో ప్రాజెక్టు చెప్పుకోవచ్చునంది. భాష ప్రాజెక్టుకు పనికొచ్చినప్పుడు ఫారానికి పనికిరాదా?

రెండోది, మండలానికొక పరిశీలక బృందం. ఇదేదో ఢిల్లీలో కూర్చునే మహామహుల వ్యవహారమని భయపడనక్కర్లేదు. ఆ అంతర్జాతీయ ఫెయిర్ నిబంధనల ప్రకారమే బడి స్థాయి కమిటీకి ముగ్గురు చాలు: ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠశాల నిర్వాహకుడు, ఆరోగ్యపరమైన ప్రమాదాలు అంచనా వేయగల ఒక డాక్టరో నర్సో అలాంటి వారో. అంటే మన లెక్కలో ఒక సైన్సు టీచరు, ఒక హెడ్మాస్టరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ. ఈ ముగ్గురూ లేని మండలం యేది? షరతు ఒక్కటే. యే ప్రాజెక్టుకు యెవరు గైడో, ఆ ప్రాజెక్టును పరిశీలించేటప్పుడు వారు పక్కన కూర్చోవాలి. మన లెక్చరర్లూ పీజీ విద్యార్థులూ ఈ బృందాలకు తోడుంటే బడులు తెరిచిన రెండు నెలల్లో పని పూర్తవుతుంది.

మూడోది, న్యాయనిర్ణేతలు మారాలి. మన లెక్చరర్లే చాలాచోట్ల న్యాయనిర్ణేతలుగా వెళుతున్నారు. వారికి నా విన్నపం: చార్టు చూడకముందు లాగ్‌బుక్కు అడగండి. కొట్టివేతలున్న లాగ్‌బుక్కును చూసి సంతోషించండి. ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పూ లేకుండా వున్నదాన్ని అనుమానించండి. ఫలితం రాలేదని రాసిన పిల్లవాడికి ఒక మార్కు యెక్కువ వేయండి.

నాలుగోది అన్నిటికంటె సులువైనదీ, అన్నిటికంటె కష్టమైనదీ. పెన్ను పిల్లవాడి చేతికివ్వాలి. తప్పులు రాస్తాడు, రాయనివ్వండి. 12 యేళ్లు దాటిన పిల్లలు పరిశోధనలో పాల్గొంటే, తల్లిదండ్రుల అనుమతితోపాటు వారి సమ్మతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తన మీద జరిగే పరిశోధనకు సమ్మతి తెలపగల పిల్లవాడు, తను చేసే పరిశోధనకు ఫారం నింపలేడా?

చివరగా మన సంగతి. హైస్కూలు పిల్లలకు నీతులు చెబుతున్నామే, మన ప్రాక్టికల్ రికార్డుల మాటేమిటి? సీనియర్ రికార్డు చూసి ఎక్కించడం, రీడింగులు వెనకనుంచి లెక్కగట్టి దించడం, పరీక్షకు రెండు రోజుల ముందు సంవత్సరం పొడుగునా తేదీలు వేసి సంతకాలకు బారులు తీరడం, ఇవి యే కాలేజీలో లేవు? సంతకం పెట్టే మాస్టార్లకూ తెలుసు, పెట్టించుకునే మనకూ తెలుసు. ఇక్కడ చదివినవాళ్లే రేపు ఆ బడులకు సైన్సు మాస్టార్లై వెళతారు, డాక్టర్లతో కలిసి సర్వేలకు వెళతారు, హాస్టళ్లకు వార్డెన్లవుతారు. అప్పుడు వారి ముందుకొచ్చే అంగీకార పత్రం మీద యెవరి సంతకం పడుతుందన్నది ఇక్కడి అలవాటును బట్టే వుంటుంది.

విద్యార్థి సంఘం పెద్దలకు ఒక్క మాట. వచ్చే యేడాది మన సంఘం కార్యక్రమాల్లో సైన్స్ ఫెయిర్ యెలాగూ వుంటుంది. దానికి మైకులూ షామియానాలూ మాట్లాడకముందే, జూలైలో ఒక ఆదివారం చుట్టుపక్కల బడుల పిల్లలను పిలిచి, తెలుగు ఫారం చేతికిచ్చి, వాళ్ల ప్రణాళికలు వాళ్లచేతనే రాయించే కార్యక్రమం ఒకటి పెట్టండి. ఆ ఫారం చిత్తుప్రతి నేనూ నా మిత్రులూ సిద్ధం చేసి యిస్తాం. లెక్చరర్లు దిద్దిపెట్టాలి. పాత విద్యార్థులు అచ్చు ఖర్చు చూసుకుంటే అదే పదివేలు.